పాట్నా బదిలీ, రెండేళ్ల పాప: మరణాల రేటు ఎవరి గురించి చెబుతుంది?

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మేం హైదరాబాద్‌లో ఉంటాం. మావారు బ్యాంకులో పనిచేస్తారు. ప్రమోషన్ మీద పాట్నాకి బదిలీ అయింది. పాపకి ఈమధ్యే రెండేళ్లు నిండాయి. అత్తయ్యగారికి 68 ఏళ్లు, బీపీ, షుగరు ఉన్నాయి. ఆవిడా మాతోనే వస్తారు. మా ఆడపడుచు మాత్రం ‘అంత జనం కిక్కిరిసిన రాష్ట్రానికి పసిపిల్లని ఎలా తీసుకెళ్తావు? లిచీ పళ్లు తిని పిల్లలు పోయిన చోటు కదా’ అని రోజూ ఫోన్ చేస్తోంది. మావారేమో 2020 నాటి ప్రభుత్వ పట్టిక చూపించి, ‘బీహార్‌లో మరణాల రేటు 5.4, కేరళలో 7, మన రెండు రాష్ట్రాల్లోనూ బీహార్ కంటే ఎక్కువే, అక్కడే నయం’ అంటున్నారు. ఎవరి మాట నమ్మాలో తెలియట్లేదు. నేనూ పాపా ఒక ఏడాది ఇక్కడే ఉండిపోదామా? – ఒక సోదరి, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, ముందు మీరు అడిగినదానికి జవాబు చెప్పేస్తాను. వెళ్లండి. పాపని తీసుకునే వెళ్లండి. అయితే మీవారు చూపించిన 5.4ని నమ్ముకుని మాత్రం వెళ్లకండి. ఆ అంకెలో తప్పేమీ లేదు. మీ ఇంటికి కావలసిన సంగతి అందులో లేదు, అంతే. మీ ఆడపడుచుగారు భయపడే ‘జనం’లోనూ అసలు ప్రమాదం లేదు. ఈ రెండూ ఎందుకంటున్నానో కాస్త ఓపిగ్గా వినండి. అది అర్థమైతే అక్కడికి వెళ్లాక ఏం చేయాలో మీకే తోస్తుంది.

మీవారు చూసినది స్థూల మరణాల రేటు. ఏడాదిలో వెయ్యిమంది జనాభాకి ఎంతమంది చనిపోయారన్న లెక్క. పోయినవాళ్లు పసివాళ్లా, తొంభై ఏళ్ల తాతలా అని అది అడగదు. తొంభై నిండిన తాతగారు నిద్రలో కన్నుమూసినా ఒకటే, తొమ్మిది నెలల బిడ్డ విరేచనాలతో పోయినా ఒకటే. రెండు చావులనీ ఒకే గంపలో వేసి తూచే అంకె అది. అందుకే పెద్దవాళ్లు ఎక్కువున్న చోట అది పెరుగుతుంది, పిల్లలూ కుర్రకారూ ఎక్కువున్న చోట తగ్గుతుంది. ఆసుపత్రులు ఎలా ఉన్నాయన్నది ఆ తర్వాతి మాట.

ఒక లెక్క వేసి చూద్దాం. ఈ అంకెలు నేను ఉదాహరణ కోసం అనుకున్నవి. మొదటి ఊళ్లో వెయ్యిమంది ఉన్నారు, వాళ్లలో అరవై దాటినవాళ్లు 80 మంది. ఆ పెద్దవాళ్లలో వెయ్యికి 40 మంది చొప్పున, మిగతావాళ్లలో వెయ్యికి రెండున్నర చొప్పున పోతున్నారు. మొత్తం కలిపితే వెయ్యికి 5.5. రెండో ఊళ్లోనూ వెయ్యిమందే, కానీ అరవై దాటినవాళ్లు 160 మంది. అక్కడ వైద్యం బాగుంది కాబట్టి పెద్దవాళ్లలో వెయ్యికి 35 మందే, మిగతావాళ్లలో ఒకటిన్నరే పోతున్నారు. కలిపి చూస్తే దాదాపు 6.9. అంటే ఏ వయసువాళ్లని తీసుకున్నా రెండో ఊరే మెరుగు. పట్టికలో మాత్రం మొదటి ఊరు మెరుగ్గా కనిపిస్తుంది.

కేరళ, బీహార్ మధ్య జరిగింది సరిగ్గా ఇదే. 2021 అంచనాల ప్రకారం అరవై దాటినవాళ్లు కేరళలో నూటికి 16.5 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 12.4, బీహార్‌లో 7.7. బీహార్‌లో వెయ్యిమందికి ఏడాదికి 25.5 జననాలుంటే కేరళలో 13.2. బీహార్ ఇల్లు పిల్లలతో నిండి ఉంది, కేరళ ఇంట్లో అమ్మమ్మలూ తాతయ్యలూ మిగిలారు. కేరళలో పుట్టిన బిడ్డ సగటు ఆయుర్దాయం 75 ఏళ్లు, దేశం మొత్తానికి 70 (2016-20 లెక్కలు). మరణాల రేటు ఎక్కువగా ఉన్న రాష్ట్రంలోనే మనుషులు ఎక్కువ కాలం బతుకుతున్నారు. వాళ్లు ఎక్కువ కాలం బతకడం వల్లే ఆ రేటు పెరిగింది.

ఇది నాకు పుస్తకంలో చదివితే తెలిసిన సంగతి కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పరిధిలో ఒక చిన్న ఊరుండేది. కుర్రాళ్లంతా పనులకి పట్నాలకి వలసపోయారు. ఊళ్లో మిగిలింది ముసలివాళ్లూ, వాళ్ల దగ్గర వదిలిన ఒకరిద్దరు పిల్లలూ. సమీక్షా సమావేశంలో నన్ను నిలబెట్టి, మీ ఊళ్లో ఇన్ని చావులేమిటని అడిగారు. నాకు జవాబు తెలియలేదు, సిగ్గుతో తల దించుకున్నాను. ఆ రాత్రి రిజిస్టరు ముందేసుకుని ఒక్కో పేరు పక్కన వయసు రాసుకుంటూ పోతే డెబ్బై రెండు, ఎనభై, అరవై తొమ్మిది, డెబ్బై ఎనిమిది... అలా వచ్చాయి. ఆ ఏడాది ఊళ్లో ఒక్క పసిబిడ్డా పోలేదు. పక్క ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) పరిధిలో మొత్తం చావులు తక్కువ. వాటిలో నలుగురు మాత్రం ఏడాది నిండని బిడ్డలు. ఆరోజు మెచ్చుకోలు వాళ్లకి దక్కింది. అప్పటినుంచీ ఎవరు ఏ మరణాల రేటు చెప్పినా, ఏ వయసువాళ్లు అని అడగనిదే నాకు మనసొప్పదు.

ఈ అంకెలు ఎక్కడినుంచి వస్తాయన్నదీ తెలుసుకోవాలి. మీవారు చూసిన పట్టిక శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టంది, మేం ఎస్‌ఆర్‌ఎస్ అంటాం. దేశమంతటా ఎంపిక చేసిన ఊళ్లలో, పట్టణ బ్లాకుల్లో స్థానికంగా ఉండే ఒకరు, చాలాచోట్ల టీచరో అంగన్‌వాడీ కార్యకర్తో, ప్రతి పుట్టుకనీ చావునీ రాస్తూ ఉంటారు. ఆరు నెలలకోసారి వేరే మనిషి వచ్చి ఆ పుస్తకం చూడకుండా ఇల్లిల్లూ తిరిగి మళ్లీ రాస్తారు. తర్వాత రెండు జాబితాలనీ పక్కపక్కన పెట్టి, కలవని పేర్లుంటే ఆ ఇంటికి మళ్లీ వెళ్లి తేలుస్తారు. ఒకరు మరిచిపోతే ఇంకొకరు పట్టుకుంటారు. 1970 ప్రాంతం నుంచీ దేశమంతటా నడుస్తున్న పని ఇది. ఇంత అవసరం ఎందుకొచ్చిందంటే, మన దగ్గర చావులన్నీ రిజిస్టరు కావు. 21 రోజుల్లోపు నమోదు చేయించాలని 1969 చట్టం చెబుతోంది. అయినా 2019లో బీహార్‌లో జరిగిన మరణాల్లో నమోదైనవి దాదాపు సగమే. దేశం మొత్తమ్మీద చూస్తే నమోదైన మరణాల్లో కూడా డాక్టరు కారణం రాసి సంతకం పెట్టినవి ఐదింటిలో ఒకటి. మిగతా నలుగురూ దేనితో పోయారో ఏ కాగితంలోనూ ఉండదు. ఇన్నేళ్ల తర్వాత కూడా నన్ను బాధపెట్టే విషయం ఇది. ఏ జబ్బు ఎంతమందిని తీసుకుపోతోందో తెలియకుండా మందులూ డాక్టర్లూ ఎక్కడ కావాలో ఎలా నిర్ణయిస్తాం?

సరే, పిల్లల సంగతి. మీరు చూడాల్సింది శిశు మరణాల రేటు, అంటే సజీవంగా పుట్టిన వెయ్యిమందిలో ఏడాది నిండకుండా పోయేవాళ్లు ఎందరన్న లెక్క. అదే 2020 ఎస్‌ఆర్‌ఎస్‌లో బీహార్ 27, ఆంధ్రప్రదేశ్ 24, తెలంగాణ 21, కేరళ 6. మీ ఆడపడుచుగారు ఈ అంకెలు చూసి ఆశ్చర్యపోతారు. బీహార్‌కీ మనకీ తేడా ఆవిడ అనుకున్నంత లేదు, మనకీ కేరళకీ మధ్యే అగాధం ఉంది. 2005లో బీహార్ రేటు 61 ఉండేది. పదిహేనేళ్లలో సగానికి పైగా తగ్గించుకుంది. ఆసుపత్రి కాన్పులు, ఆశా కార్యకర్తలు, టీకాలు ఊళ్లలోకి చేరడం అందులో పెద్ద పాత్ర వహించాయి.

కానీ మీ దగ్గర ఒక సంగతి దాచను. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే బీహార్ శిశు మరణాల రేటుని 46.8గా చూపించింది. ఆంధ్రప్రదేశ్‌కి 30.3. రెండు ప్రభుత్వ లెక్కల్లో ఇంత తేడా! ఒకటి ఆ ఒక్క ఏడాది పుట్టుకలూ చావులూ రాసుకున్న పుస్తకం, రెండోది తల్లుల్ని కూర్చోబెట్టి గడిచిన ఐదేళ్ల సంగతి అడిగి రాసుకున్నది. పద్ధతి వేరు, కాలం వేరు. ఆ ఒక్క కారణంతో తేడా అంతా తీరిపోతుందని నేను అనుకోను. బీహార్ వరకు 27 అన్నది కాస్త తక్కువ చూపుతోందనే నా అభిప్రాయం. అక్కడ బిడ్డలు మన దగ్గరకంటే ఎక్కువగా పోతున్నారన్నది మాత్రం రెండు సర్వేలూ ఒప్పుకుంటున్న మాట.

అయితే ఇందులో మీ పాప ఎక్కడుంది? శిశు మరణాల్లో చాలా భాగం మొదటి 28 రోజుల్లోనే జరుగుతాయి. 2020లో దేశం మొత్తానికి వెయ్యికి 28 మంది శిశువులు పోతే, అందులో 20 మంది నెల తిరక్కుండా పోయినవాళ్లు. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, ఒంట్లో ఇన్ఫెక్షన్ పాకడం వాటికి కారణాలు. మీ పాప ఆ గండం ఎప్పుడో దాటేసింది. రెండేళ్లు నిండిన, టీకాలు పడిన, కడుపు నిండా తింటున్న బిడ్డకి శిశు మరణాల రేటు వర్తించదు.

రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్యే కాదు, ఇంటికీ ఇంటికీ మధ్య కూడా పెద్ద తేడా ఉంటుంది. ఆ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే దేశం మొత్తమ్మీద చూస్తే, అందరికంటే పేద ఐదో వంతు కుటుంబాల్లో ఐదేళ్లలోపు పిల్లల మరణాలు వెయ్యికి సుమారు 59, అందరికంటే కలిగిన ఐదో వంతులో సుమారు 20. మూడింతలు! బ్యాంకు ఆఫీసరు కూతురుగా పాట్నాలో మీ పాపకుండే ప్రమాదానికీ, అదే ఊళ్లో గంగ ఒడ్డున గుడిసెలో ఉండే బిడ్డకుండే ప్రమాదానికీ పోలిక లేదు. ఇది మీ ధైర్యం కోసం చెప్పవలసిన నిజం. చెబుతుంటే నా గొంతుకి అడ్డం పడే నిజం కూడా.

ఇక జనం కిక్కిరిసి ఉండడం సంగతి. 2011 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకి బీహార్‌లో 1,106 మంది. రాష్ట్రాల్లో అదే అత్యధికం. పాట్నా జిల్లాలో 1,823. మరి ఇప్పుడు మీరున్న హైదరాబాద్ జిల్లాలో? 18 వేల పైచిలుకు! పాట్నా జిల్లాలో పల్లెలూ పొలాలూ కూడా కలిసి ఉన్నాయి, హైదరాబాద్ జిల్లా అంతా నగరమే, కాబట్టి పక్కాగా పోల్చలేం. అయినా ఒత్తుగా ఉన్న జనంలో రెండేళ్లు పెరిగిన బిడ్డే మీ పాప. కేరళలో కూడా చదరపు కిలోమీటరుకి 860 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 308. మనకంటే రెండున్నర రెట్లకి మించి ఒత్తుగా ఉన్న రాష్ట్రంలో మనకంటే ఎంతో తక్కువమంది బిడ్డలు పోతున్నారు.

జనం ఒత్తుగా ఉండడం వల్ల ఏమీ కాదని అనను. తట్టు, క్షయ, ఫ్లూ లాంటి గాలిలో పాకే జబ్బులకి ఇరుకు గదులు పండగే. మురుగుకాలవా మంచినీళ్ల పైపూ పక్కపక్కన నడిచే సందుల్లో కామెర్లూ టైఫాయిడూ సులువుగా అంటుకుంటాయి. కానీ జనం దగ్గరదగ్గరగా ఉండడం ఇంకో పనీ చేస్తుంది. టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) ఒక్కరే ఒక పూటలో వందమంది పిల్లలకి టీకా వేయగలదు. ఒక పీహెచ్‌సీ చుట్టూ నడిచి రాగల దూరంలో వేలమంది ఉంటారు. మన ఏజెన్సీలో గర్భిణిని డోలీలో మోసుకొచ్చే దారులు తలచుకోండి. అక్కడ జనం పలచగా ఉండడమే శాపం. కేరళలో ఇళ్లు ఊరికీ ఊరికీ మధ్య ఖాళీ లేకుండా సాగిపోతాయి, ఆసుపత్రి ఎప్పుడూ దగ్గరే. దానికి తోడు ఆడపిల్లల చదువు. తిరువాన్కూరు సంస్థానంలో 1879లోనే ప్రభుత్వోద్యోగులకీ విద్యార్థులకీ ఖైదీలకీ మశూచి టీకా తప్పనిసరి చేశారు. ఆ పునాది మీద తరాలుగా కడుతూ వచ్చిన ఇల్లది. ఒక్క ప్రభుత్వం ఐదేళ్లలో తెచ్చింది కాదు.

బీహార్ కూడా ఒత్తుగా ఉన్న జనంలోనే ఒక పెద్ద యుద్ధం గెలిచింది. దాని గురించి మనవాళ్లకి పెద్దగా తెలియదు. పోలియో చివరి ఘట్టంలో దేశానికి మిగిలిన రెండు కంచుకోటలు పశ్చిమ ఉత్తరప్రదేశ్, బీహార్‌లోని కోసీ నది ప్రాంతం. ఎన్నిసార్లు చుక్కలు వేసినా కేసులు ఆగేవి కావు. పిల్లలకి ఎప్పుడూ విరేచనాలు, అందువల్ల పొట్టలో చుక్కల మందు సరిగా పనిచేసేది కాదు. వరదలకి దారులు తెగేవి. తల్లిదండ్రులు పనులకోసం వలసపోతూ ఉండేవారు. అప్పుడు 107 బ్లాకుల్ని గుర్తించారు, అందులో 41 బీహార్‌వి. చుక్కలతో పాటు మంచినీళ్లు, మరుగుదొడ్లు, విరేచనాల వైద్యం మీదా దృష్టి పెట్టారు. కోసీ పాయల మధ్య లంకల్లో తాత్కాలిక శిబిరాలు వేసుకుని, పడవల మీద ఐసుపెట్టెలు మోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగారు. రైళ్లలో, బస్టాండుల్లో పిల్లల్ని ఆపి చుక్కలు వేశారు. 2010 జనవరిలో రెండు రకాల వైరస్‌ల మీదా పనిచేసే కొత్త చుక్కల మందు వచ్చింది. 2009లో బీహార్‌లో 117 మంది పిల్లలకి పోలియో వస్తే, 2010లో తొమ్మిది మందికి. ఆ తర్వాత ఒక్కరికీ లేదు. జనం అప్పుడు తగ్గారా? లేదు, పెరిగారు.

లిచీ పళ్ల మాటకి వస్తాను. 2019 ఎండాకాలంలో ముజఫర్‌పూర్‌లోనూ చుట్టుపక్కల జిల్లాల్లోనూ వందమందికి పైగా పిల్లలు మెదడువాపు లక్షణాలతో చనిపోయారు. అంతకుముందు ఏళ్లలోనూ అలాంటివి జరిగాయి. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చి స్పృహ తప్పేవారు. 2014 నాటి కేసుల మీద చేసిన పరిశోధనలో రెండు విషయాలు ముడిపడి కనిపించాయి. లిచీలు తినడం ఒకటి, ముందురోజు రాత్రి అన్నం తినకుండా పడుకోవడం రెండోది. లిచీలో ఉండే ఒక పదార్థం, అందులోనూ పచ్చికాయల్లో, ఒంట్లో కొత్తగా చక్కెర తయారవకుండా అడ్డుపడుతుంది. బొద్దుగా ఉన్న బిడ్డ కాలేయంలో చక్కెర నిల్వ ఉంటుంది, తట్టుకుంటుంది. ఎముకలగూడులా ఉన్న బిడ్డ తోటలో రాలిన కాయలు తిని, ఖాళీ కడుపుతో పడుకుంటే తెల్లారేసరికి రక్తంలో చక్కెర అడుగంటిపోతుంది. ఆ సమయంలో దగ్గరున్న పీహెచ్‌సీలో వెంటనే గ్లూకోజు ఎక్కిస్తే చాలామంది బతుకుతారు. గంటలు ప్రయాణించి పెద్దాసుపత్రికి చేరితే ఆలస్యమైపోతుంది. ఆ పిల్లల్ని చంపింది పండు అని నేను ఒప్పుకోను. రాత్రి వండడానికి ఏమీ లేని పొయ్యి, తెల్లవారుజామున తెరిచి లేని ఆసుపత్రి, ఈ రెండూ చంపాయి. మీ పాపకి అన్నం పెట్టాక మగ్గిన లిచీలు నాలుగు ఒలిచి పెట్టండి, గింజ తీసేసి. హాయిగా తింటుంది.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. తల్లీబిడ్డల రక్షణ కార్డు తీసి 16 నుంచి 24 నెలల మధ్య వేయాల్సిన వరుస చూడండి. డీపీటీ బూస్టరు, ఎంఆర్ (తట్టు, రుబెల్లా) రెండో డోసు, పోలియో బూస్టరు పడ్డాయా? జపనీస్ మెదడువాపు టీకా కొన్ని జిల్లాల్లోనే ప్రభుత్వ పట్టికలో ఉంటుంది, కాబట్టి హైదరాబాద్‌లో పాపకి పడి ఉండకపోవచ్చు. వరిపొలాల నీళ్లలో పెరిగే దోమలతో వచ్చే జబ్బది, బీహార్‌లో దాని ఉనికి ఉంది. పాప డాక్టరుగారితో మాట్లాడి ప్రయాణానికి ముందే ఆ సంగతి తేల్చుకోండి. విటమిన్ ఎ ద్రావకం ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి వేయించాలి. ఊరు మారినవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే.

ఇల్లు చూసేటప్పుడు గదులెన్ని అని అడగడానికి ముందే నీళ్లు ఎక్కడివని అడగండి. గంగకి దగ్గరున్న జిల్లాల్లో, పాట్నా జిల్లాలో కొన్ని చోట్ల కూడా, భూగర్భజలంలో ఆర్సెనిక్ ఉంది. ఇది మనకి అలవాటు లేని సమస్య. మనం నల్లగొండ ఫ్లోరైడు గురించి విన్నాం, ఆర్సెనిక్ గురించి వినలేదు. రుచి ఉండదు, వాసన ఉండదు, రంగు ఉండదు. ఏళ్ల తరబడి తాగితే అరచేతులూ అరికాళ్లూ గట్టిపడతాయి, చర్మం మీద మచ్చలొస్తాయి, క్యాన్సర్ దాకా పోతుంది. ముఖ్యంగా ఒకటి గుర్తుంచుకోండి: కాచితే క్రిములు చస్తాయిగానీ ఆర్సెనిక్ పోదు, నీళ్లు ఇగిరే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. బోరునీళ్లయితే ఒక సీసాడు పట్టి ప్రభుత్వ నీటి పరీక్షా కేంద్రంలో ఇచ్చి పరీక్ష చేయించండి. లీటరుకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. దాటితే ఆ నీళ్లు వంటకీ వద్దు. బోరు నీళ్ల సంగతి తెలిశాకే అడ్వాన్సు ఇవ్వండి.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్, దాంతోపాటు 14 రోజులు జింకు. ఈ రెండూ ఇంట్లో ముందే ఉండాలి. దగ్గు, జ్వరం వస్తే పాప నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో గడియారం పెట్టుకుని నిమిషం పాటూ లెక్కపెట్టండి. ఈ వయసులో 40 గానీ ఆపైన గానీ ఉంటే న్యుమోనియా కావచ్చు, తెల్లారేదాకా ఆగకూడదు. వానాకాలం తర్వాత డెంగీ ఉంటుంది, అది మీకు హైదరాబాద్‌లోనూ తెలిసిందే. రెండు వారాలు దాటి జ్వరం తగ్గకపోతే డాక్టరుతో కాలాఅజార్ మాట ఎత్తండి. ఇసుక ఈగ వల్ల వచ్చే ఆ జ్వరానికి బీహార్ ఒకప్పుడు పుట్టిల్లు. ఇప్పుడు బాగా తగ్గింది, 2023లో దేశంలో ఏ బ్లాకులోనూ పదివేల మందికి ఒక కేసు మించలేదు. మీకు రాకపోవచ్చు, తెలిసి ఉండడం మంచిది.

ఇంటిల్లిపాదీ పాప గురించి బెంగపెట్టుకున్నారు. నా బెంగ మీ అత్తయ్యగారి గురించి. మీవారు చూపించిన మరణాల రేటు మీ ఇంట్లో ఎవరి గురించైనా మాట్లాడుతోందంటే అది ఆవిడ గురించే. మరణాల్లో పెద్ద వాటా అరవై దాటినవాళ్లదే, గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల జబ్బులు ముందు వరసలో ఉంటాయి. పాట్నాలో డిసెంబరు, జనవరి నెలలు మీకు ఊహకందనంత చలి. పగలంతా మంచు, పొగ కమ్మి ఎండ పొడ కనిపించని రోజులుంటాయి. చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది, ఆ గాలికి ఊపిరి బిగుస్తుంది. జీవితమంతా మన ఎండల్లో గడిపిన మనిషి ఒక్కసారిగా ఆ చలిలో తెల్లవారుజామున నాలుగింటికి లేచి తలస్నానం చేసి పూజకి కూర్చుంటే? మీ బదిలీ శీతాకాలంలో పడితే, ఆవిడని సంక్రాంతి దాటాక, ఫిబ్రవరి చివర్లో తీసుకెళ్లండి. అలవాటు పడేందుకు ఆవిడకి ఒక మంచి ఋతువు దొరుకుతుంది. బయల్దేరేముందు ఇక్కడి డాక్టరుతో ఒక చీటీ రాయించుకోండి: జబ్బులు, మందులు, మోతాదులు, ఈమధ్య చేసిన పరీక్షలు. మందు పేరు బ్రాండుతో కాకుండా అసలు పేరుతో ఉండాలి, అక్కడ ఆ బ్రాండు దొరక్కపోవచ్చు. రెండు నెలల మందులు వెంట ఉంచుకోండి. ఆవిడకి హిందీ రాదనుకుంటాను. ‘సీనే మే దర్ద్ హై’, ‘సాఁస్ నహీఁ ఆ రహీ’ అన్న రెండు మాటలు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఫోన్ పక్కన అంటించండి. మీరు బయటికి వెళ్లినప్పుడు పక్కింటివాళ్లకి ఆవిడ చెప్పగలగాలి. ఇల్లు దొరగ్గానే ఎయిమ్స్‌కో, దగ్గరున్న పెద్దాసుపత్రికో ఒకసారి ఊరికే వెళ్లి రండి, రాత్రిపూట ఎంత సేపు పడుతుందో తెలుస్తుంది. అంబులెన్సుకి మనకి 108 అలవాటు, అక్కడ 102 కూడా రాసి పెట్టుకోండి.

మీ గురించి మీరేమీ రాయలేదు. మన ఇళ్లలో ఉత్తరాలు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి. రెండో కాన్పు ఆలోచన ఉంటే ఒక అంకె మీకు కావాలి. లక్ష సజీవ జననాలకి చనిపోయిన తల్లులు 2018-20లో బీహార్‌లో 118, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45, కేరళలో 19. మంచి ఆసుపత్రిలో చూపించుకునే మీకు ఆ 118 వర్తించదు. అయినా కాన్పులో అర్ధరాత్రి రక్తస్రావం మొదలైతే డబ్బు కంటే ముందు కావలసింది రక్తం, దాన్ని గంటలోపు ఇవ్వగల ఆసుపత్రి. మూడో నెలలోనే ఆ ఆసుపత్రి ఏదో తేల్చుకోండి, లేదా ఏడో నెలలో పుట్టింటికి వచ్చేయండి. మన పెద్దవాళ్ల పద్ధతి ఈ విషయంలో మంచిదే.

ఏడాదిపాటు విడిగా ఉండడం గురించి అడిగారు. దానికి ఆరోగ్యం వైపు నుంచి నాకు ఏ కారణమూ కనిపించట్లేదు. రెండేళ్ల బిడ్డకి ఏడాదంటే ఇప్పటిదాకా గడిపిన జీవితంలో సగం, అంతకాలం నాన్న ఫోన్లో బొమ్మగా మిగలడం చిన్న నష్టం కాదు. అత్తయ్యగారు అక్కడ, మీరిక్కడ అయితే ఆవిడని చూసుకునేదెవరన్నదీ ఆలోచించండి. మీ ఆడపడుచుగారికి కోపం తెచ్చుకోకుండా పోలియో సంగతి చెప్పండి. ఆవిడది మేనకోడలి మీది ప్రేమే.

ఒక్క కోరిక ఉంది. పాట్నాలో మీ ఇంట్లో పనికి ఎవరో ఒకమ్మాయి కుదురుతుంది. ఆమెకీ మీ పాప ఈడు బిడ్డ ఉండవచ్చు. బీహార్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 43 మంది వయసుకి తగ్గ ఎత్తు ఎదగలేదని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. 12 నుంచి 23 నెలల పిల్లల్లో టీకాలన్నీ పడినవాళ్లు 71 మందే. ఆ బిడ్డ కార్డు ఒకసారి తెమ్మని అడగండి. ఖాళీ గడులుంటే అంగన్‌వాడీలో టీకాల రోజు ఆమెకి పూట సెలవిచ్చి పంపండి, జీతం కోయకుండా. మీ పాపతో ఆడుకునే బిడ్డే కదా. తట్టు ఆ ఇంట్లో మొదలైతే మీ గుమ్మం దగ్గర ఆగదు. అది నేను చూపిస్తున్న కారణం మాత్రమే, అది లేకపోయినా అడగమనే చెబుతాను.

ప్రయాణం తేదీ ఖాయం కాకముందే, ఈ వారంలోనే, పాప కార్డు తీసి చూడండి. జపనీస్ మెదడువాపు గడి ఖాళీగా ఉంటే ముందు ఆ ఫోన్ చేయండి.